మర్హూన్ అరచెయ్యి

మా మామ మర్హూన్ ఎవర్నీ నమ్మడు. సూర్ రేవులో చేపలు తూచేవాణ్ణే కాదు, కాఫీ కాచి ఇచ్చే సొంత కూతుర్ని కూడా. నలుగురు కూడి మాట్లాడుకుంటే తన గురించే అనుకుంటాడు. అలాంటి మనిషి తన తండ్రి నడిపిన పాత పడవను బాగుచేయించడానికి పూనుకున్నాడు. ఇంక వడ్రంగి బఖీత్ పాట్లు చెప్పాలా!

బఖీత్ చెక్కసుత్తితో ఒక్కో పలకనూ తట్టి చూశాడు. "అన్నా, ఎడమవైపు అడుగంతా పోయింది. పద్దెనిమిది పలకలు మార్చాలి."

"మూడు," అన్నాడు మామ. "నీ ఎత్తు నాకు తెలీదనుకున్నావా? పాత టేకుతో తలుపులు చేసి మస్కట్‌లో అమ్ముకుందామనేగా!"

"పుచ్చిన చెక్కతో తలుపులేంటన్నా, చెదలకి విందా?"

నేను నవ్వాను. "ఏమన్నాడు వాడు?" అని మామ నన్ను నిలదీశాడు. మర్నాటి నుంచి కుర్చీ తెచ్చుకుని పడవ పక్కనే కాపలా కూర్చున్నాడు. ఊడదీసిన మూడు పలకల్నీ ఇంటికి మోయించి మంచం కింద పెట్టించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రేపు ఆ పడవలో సముద్రం మీదికి వెళ్లాల్సింది నేనూ మా తమ్ముడూ.

నాలుగో రోజుకి బఖీత్ ఓపిక నశించింది. సుత్తి మామ చేతిలో పెట్టాడు. "నువ్వే కొట్టి చూడన్నా. మంచి చెక్క ఖంగుమంటుంది, పుచ్చింది దబ్బుమంటుంది. ఇక నీ మాటే ఖాయం."

మామ కొట్టాడు. దబ్బుమంది. "మోగింది," అన్నాడు. పక్కది కొట్టాడు. "ఇదీ మోగింది." అవతల వలలు బాగుచేసుకుంటున్నవాళ్లకు కూడా ఆ చప్పుడేమిటో తెలిసింది. ఆయన మాత్రం మా మొహాల్లోకి చూస్తున్నాడు.

బఖీత్ మామ చెయ్యి పట్టుకుని, అరచేతిని పడవ అడుగున ఉన్న పెద్ద దూలానికి ఆనించి, అవతలి కొసన సుత్తితో కొట్టాడు. అదురు చేతికి తగిలి మామ ఉలిక్కిపడ్డాడు. అదే చేతిని పలకకు ఆనించి మళ్లీ కొట్టాడు. మామ కదల్లేదు. మళ్లీ కొట్టమన్నాడు.

తర్వాత తనే సుత్తి తీసుకుని, ఒక్కో పలక మీదా చెయ్యి పెట్టి కొట్టి చూసుకుంటూ చివరిదాకా నడిచాడు. ఆయన వెనకే నడుస్తూ సిగ్గుతో చచ్చిపోయాను.

"దూలం ఉండనీ," అన్నాడు బఖీత్‌తో. "మిగతా పదిహేనూ తీసెయ్."

తర్వాత మా వంక చూడకుండా అన్నాడు: "రెండేళ్ల నుంచీ మీరంతా నాకు వినపడకూడదనే మెల్లగా మాట్లాడుకుంటున్నారనుకున్నాను."