చెరిపేసిన రెండో వరుస

ఈ పొద్దున ఒక కారుకు తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు కింద కరెంటు కలిపే రిలే ఒక్కసారి టిక్కుమని ఊరుకుంది. ఇంజను మాత్రం తిరగలేదు. ఆ చిన్న చప్పుడు వింటే చాలు, నాకు మునిరత్నమన్న గుర్తుకొస్తాడు. అలాంటప్పుడు ఆయన అందరినీ నోరు మూసుకోమని, తాను కళ్ళు మూసుకుని, ఇంకోసారి తాళం తిప్పమనేవాడు. పూతలపట్టు కూడలిలో చిత్తూరు రోడ్డు వైపున్న ఈ షాపు ఆయనదే. కార్లలో కరెంటు పని తప్ప వేరే పని ముట్టేవాడు కాదు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు షాపు నేను నడుపుతున్నాను.

నేను ఆయన దగ్గర చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్ళు. చేతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఉంది, తలకెక్కిన పొగరు అంతకు రెండింతలుంది. అంతకుముందు తిరుపతిలో ఒక షోరూంలో ఏడాది చేశాను. ఆ ఏడాదంతా నన్ను కౌంటరు దగ్గర కూర్చోబెట్టి, వచ్చిన బండ్ల ఫిర్యాదులు రాయించారే తప్ప ఒక్క బానెట్ కూడా ఎత్తనివ్వలేదు. ఆడపిల్లకు ఆ మసిపని ఎందుకమ్మా అనేవాళ్ళు. మునిరత్నమన్న మాత్రం నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు. "తప్పు చేస్తే ఒప్పుకుంటావా పాపా?" ఓ, ఒప్పుకుంటాను అన్నాను. అడిగినంత తేలిగ్గానే చెప్పేశాను.

మొదటి వారంలోనే నా పొగరు దించాడు. ఒక కారుకు హెడ్‌లైటు గుడ్డిగా వెలుగుతోంది. నేను బల్బు ఊడదీసి వైరుకు మీటరు పెట్టి, పన్నెండు వోల్టులు వస్తున్నాయి, వైరు బాగానే ఉంది, బల్బు మార్చాలి అని తేల్చేశాను. ఆయన నవ్వి, ఆ వైరుకే ఒక పెద్ద బల్బు తగిలించాడు. అదీ గుడ్డిగానే వెలిగింది. వైరు పైతొడుగు ఒలిచి చూపిస్తే లోపల రాగి పోగులన్నీ పచ్చటి చిలుము పట్టి రాలిపోతున్నాయి, ఒక్క పోగు మాత్రం మిగిలి ఉంది. "ఒక్క పోగున్నా మీటరు పన్నెండే సూపిస్తాది. దానికి పని చెప్పి సూడు, అప్పుడు తెలుస్తాది దాని బండారం," అన్నాడు. ఆ రోజు నుంచి మీటరును ఊరికే నమ్మడం మానేశాను.

ఆయనకు రెండు పట్టింపులుండేవి. కారుకు స్కానర్ తగిలిస్తే తెర మీద తప్పుల వరుసలు కనిపిస్తాయి. వాటిని చెరిపేముందు ప్రతి వరుసా నోటుబుక్కులో రాయాలి. చెరిపితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు ఆరిపోతుంది, కారువాళ్ళు సంతోషపడతారు, కానీ అసలు తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాలు కూడా పోతుంది. రెండోది, పనయ్యాక కారును అది మొరాయించిన దారిలోనే నడిపి, ఇంజను బాగా వేడెక్కాక ఆపి, మళ్ళీ స్టార్ట్ చేసి చూడాలి. కారువాళ్ళు విసుక్కున్నా వినేవాడు కాదు. "ఈడ బాగుంటే ఏం లాభం? ఆగిపోయిన కాడ బాగుండాల గదా," అనేవాడు. నాకది చాదస్తంగా ఉండేది.

ఆయన బంధువుల కర్మాంతరానికి పాకాల వెళ్ళిన రోజున ఐరాల నుంచి జయచంద్ర కారు తెచ్చాడు. ఆయన మామిడితోటల రైతు, మునిరత్నమన్నకు ఎప్పట్నుంచో తెలిసినవాడు. కారు పోతూ పోతూ ఉన్నట్టుండి ఆగిపోతోందన్నాడు. స్కానర్ పెడితే రెండు వరుసలొచ్చాయి. మొదటిది ఇంజను తిరుగుడును కనిపెట్టే సెన్సరుది. దాన్ని చూడగానే దొరికిపోయిందిలే అనుకుని, రెండోది చదవకుండానే రెండూ చెరిపేశాను. సెన్సరు మార్చాను. లైటు ఆరిపోయింది, కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. రోడ్డు మీద నడిపి చూడలేదు. జయచంద్ర తొందరలో ఉన్నాడు, నేను అంతకంటే తొందరలో ఉన్నాను. సాయంత్రం మునిరత్నమన్న వచ్చి సామాను సర్దుకుంటుంటే, అన్నీ చూసే ఇచ్చానని అబద్ధం చెప్పాను.

వారం తిరక్కముందే జయచంద్ర వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చింది. తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే పాకాల దాటాక కారు ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి గంట దాటింది. ఆమెకు ప్రాణం దక్కింది కానీ కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. ఇంకాస్త ముందు తెచ్చుంటే బాగుండేదని డాక్టర్లు అన్నారట.

జయచంద్ర మా షాపు ముందు నిలబడి, "ఎవురు సేసినారీ పని?" అని అడిగాడు. నేను చేతిలో మీటరుతో అక్కడే ఉన్నాను. కారు అప్పగించి పోయిందీ, తిరిగి తీసుకుందీ నా దగ్గరేనని ఆయనకు తెలుసు. కానీ నేను సామాను అందించేదాన్నేనని, మధ్యలో వచ్చి పని చేసింది అన్నేనని అనుకున్నాడు. నేను నోరు తెరిచేలోపు, "నేనే సేసినానప్పా," అన్నాడు మునిరత్నమన్న. "నీ చేతులు పడిపోను," అన్నాడు జయచంద్ర. అందరి ముందరా అన్నాడు. మునిరత్నమన్న తలెత్తలేదు. "అమ్మ ఎట్లుండాది నాయనా?" అని మాత్రం అడిగాడు. జయచంద్ర వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆ కారును మేమే తాడు కట్టి లాక్కొచ్చినప్పుడు నేనే వెతికాను. సెన్సరుకు కరెంటు తెచ్చే వైరు ఇంజను వెనక ఒక ఇనుప పట్టీకి ఒరుసుకుని తెగిపోబోతోంది. స్కానర్ మళ్ళీ ఆ రెండు వరుసలే చూపించింది; నేను చదవకుండా చెరిపేసిన రెండోది చెప్పింది ఈ వైరు గురించే.

"ఎందుకన్నా అట్ల చెప్పినావు?" అన్నాను, ఏడుపు ఆపుకోలేక. "నేను తప్పు సేస్తే ఆ ఒక్క పనే సెడింది అంటారు పాపా. నువ్వు సేస్తే ఆడదాని సేత సేపిస్తే ఇంతే అంటారు, నిన్ను ఇంకెవరూ బానెట్ ఎత్తనీరు. నువ్వు నిలదొక్కుకో. తర్వాత నువ్వే పోయి చెప్పు," అన్నాడు. సరేనన్నాను. ఐరాల బండ్లు మా షాపుకు రావడం మానేశాయి. తెలిసినవాళ్ళు కూడా రోడ్డు మీద ఆయన్ను చూసి ముఖం తిప్పుకునేవాళ్ళు. నేను ఈ పండగయ్యాక, ఆ కోతలయ్యాక అని రెండేళ్ళు జరుపుకొచ్చాను. ఆయన ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. కిడ్నీలు చెడిపోయి మంచాన పడ్డాక కూడా అడగలేదు.

ఆయన పోయిన నెలకు ఐరాల వెళ్ళాను. జయచంద్ర వరండాలో వాళ్ళమ్మకు సంగటి ముద్ద తినిపిస్తున్నాడు. నిలబడే చెప్పాను, కారు పని చేసింది నేనని, మునిరత్నమన్న ఆ రోజు ఊళ్ళోనే లేడని. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆయన చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"ఆ మనిషి బతికుండంగా చెప్పింటే, పోయి ఆయన చేతులు పట్టుకొనుండేవాణ్ణి గదా పాపా," అన్నాడు. "అంత మాటన్నాను. ఇప్పుడు యాడికి పోయి అడిగేది?"

నన్ను ఒక్క మాట కూడా అనకుండా, ఆ ఎంగిలి చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. నా తప్పొక్కటి ఒప్పుకుంటే బరువు దిగుతుందని వెళ్ళినదాన్ని. ఆయన అడగలేకపోయిన క్షమాపణ కూడా మోసుకుని బస్సెక్కాను.