రోహిణి కార్తెలో ఆరని ద్రవం

అప్పటికి వరంగల్లో పరిశోధన మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. నా పని సౌర ఘటాలు. రెండు అద్దం ముక్కలు, వాటి మధ్య ఎర్ర రంగు పట్టించిన సన్నని పూత, ఆ పూతలో ఇంకిన అయోడిన్ ద్రవం. ఎండ తగిలితే కాస్త కరెంటు పుడుతుంది. చిక్కంతా ఆ ద్రవంతోనే. వేడికి ఆవిరైపోతే ఘటం పనికిరాదు. అందుకని అయానిక్ ద్రవం వాడి చూస్తున్నాను. అది ఒక రకం ఉప్పే, కాని మామూలు వేడికే కరిగి తేనెలా ఉంటుంది, ఆవిరి కాదు. అయితే ఆ చిక్కదనం వల్ల కరెంటు తక్కువ.

"ఏసీ గదిలో ఎంతకాలం చూస్తావమ్మా? అసలైన ఎండలో పెట్టు" అన్నారు మా గైడు. అసలైన ఎండంటే మా ఊరే. ఘటాలను దూదిలో చుట్టుకుని టేకులపల్లి దగ్గర అన్నావదినల ఇంటికి వెళ్లాను.

వదిన తెల్లవారకముందే బీడీలు చుట్టే తునికాకు తెంపడానికి అడవికి పోయేది. ఎండెక్కాక వచ్చి కట్టలు కట్టేది. నేను వాకిట్లో చెక్క మీద ఘటాలు పరిచి, తలకు తుండుగుడ్డ చుట్టుకుని, గంటగంటకూ మీటరు చూసేదాన్ని.

"ఏంది పిల్లా గది? బల్బు ఎలుగుతదా దాంతోని?"

"ఇంకా ఎలగదు వదినా."

"మరి గింత ఎండల ఎందుకు కూసుంటున్నవ్?"

మీటరు చూసి అంకె రాసుకున్నాను.

మామూలు ద్రవం పోసినవి తొందరగానే ఎండిపోయాయి. అయానిక్ ద్రవం పోసినవి మాత్రం రోహిణి కార్తె దాటినా బతికే ఉన్నాయి. సంతోషపడాల్సిందే, కాని అప్పటికే ఒంట్లో సత్తువ లేదు.

ఒక మధ్యాహ్నం వదినా నేనూ నిద్రలో ఉండగా తొలి వాన పడింది. లేచి పరుగెత్తేసరికే ఆలస్యమైంది. ఘటాల అంచులు మూసిన ప్లాస్టిక్ పొర ఎండకు మెత్తబడి ఉంది. ఆ సందుల్లోంచి నీళ్లు చేరి, ఎర్ర రంగు చెక్క మీదికి కారింది.

"పొయినయా?" అంది వదిన.

"అవ్, పొయినయి."

"కల్లంల ఆకు గూడ తడిసింది. రా, ఇంత బువ్వ తిని పండు."

మర్నాడు టెలిఫోన్ బూత్ నుంచి గైడుకు ఫోన్ చేశాను. "ఎండను తట్టుకుంది కదా, అది రాయి. వానకు పోయిందని కూడా రాయి. అంచులు మార్చి మళ్లీ చెయ్యి" అన్నారు. ఆ "మళ్లీ" విని బూత్ ముందున్న బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

మళ్లీ చేశాను. మరుసటి ఏడు కొత్త అంచులు వేసిన ఘటాలు వానను కూడా తట్టుకున్నాయి. కరెంటు మాత్రం పెద్దగా పెరగలేదు. ఉన్నదున్నట్టే రాశాను. డాక్టరేట్ పట్టా ఇచ్చారు.

ఆ కబురు చెబుదామని బయల్దేరి బస్సెక్కగానే నిద్రపట్టింది. మా ఊరు దాటిపోయింది. కండక్టర్ తట్టి లేపేసరికి కొత్తగూడెం. దిగి, ముఖం కడుక్కుని, వెనక్కి వెళ్లే బస్సులో మళ్లీ నిద్ర పట్టకుండా నిలబడే ఇంటికి వెళ్లాను.