అమృత ఘడియల్లో ఎనిమిది స్నాప్‌షాట్లు

మొన్న జూన్ పదహారు, మంగళవారం. ఆదోనిలో పొద్దుటి నుంచి మబ్బు, దుమ్ముగాలి, నాలుగు చినుకులు. నేల కూడా తడవలేదు. మా నాయన జీవితమంతా గీసిన చీర అంచుల్ని ఆ రోజు నేను ఒక్క పూటలో మాయం చేసినాను. తప్పంతా నాదేనంటున్నారు. మీరే వినండి.

మా నాయన ఎమ్మిగనూరులో నేతగాడు. గళ్ళ కాగితాల మీద ఆయన గీసిన అంచులు మూడు వందల పైచిలుకు. వాటికి చెదలు పట్టింది. టేకు బీరువా అని అమ్మినవాడు ఒట్టేసి చెప్పినాడు, టేకుకు చెదలు పడతాయా? సరే, అది వేరే కోపం. అన్నీ స్కాన్ చేసి, పొడిపొడి అయిపోయిన కాగితాలను మంత్రాలయం పోయి తుంగభద్రలో కలిపి వచ్చినాను. స్కాన్లన్నీ కర్నూలులో లెక్చరరుగా ఉన్న మా అమ్మాయి కొనిచ్చిన స్టోరేజ్ సర్వర్‌లో ఉన్నాయి. చెప్పుల డబ్బా అంత పెట్టె, వైఫైకి కలిపి ఉంటుంది.

"వారానికోసారి అదే స్నాప్‌షాట్ తీస్తుంది నాన్నా. ఫైళ్ళన్నీ ఆ నిమిషానికి ఎట్లున్నాయో గుర్తుపెట్టుకుంటుంది. నువ్వు ఏదన్నా చెరిపినా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎనిమిది ఉంచుతుంది. తొమ్మిదోది వస్తే పాతది పోతుంది" అని చెప్పింది.

బాగుంది. ఎప్పుడు తీస్తోందని చూస్తే మంగళవారం సాయంత్రం నాలుగింటికి. నట్టనడి రాహుకాలం. ఎనిమిదికి ఎనిమిదీ అప్పుడు తీసినవే. కొత్త పడుగు ఎక్కించాలంటే పంచాంగం చూడనిదే మగ్గం ముట్టని మనిషి మా నాయన. ఆయన గీతలకా ఈ గతి?

ఆ షెడ్యూల్ ఆపేసినాను. పంచాంగంలో అమృత ఘడియలు పదకొండుకు ఉన్నాయి. ఆలోపల సర్వర్ శుభ్రం చేద్దామనుకున్నాను. 'నాయన' అని ఒక ఫోల్డర్, 'నాయన కొత్తది' అని ఇంకొకటి. రెండూ ఒకటే కదా అని పాతది చెరిపి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసినాను. పదకొండుకు స్నానం చేసి కూర్చొని, వరసగా ఎనిమిది స్నాప్‌షాట్లు తీసినాను. రాహుకాలంవి ఒక్కొక్కటే రాలిపోతుంటే పీడ వదిలినట్టుంది. ప్రతిసారీ 'సక్సెస్' అనింది ఆ పెట్టె. ఒక్కసారైనా 'ఏం చేస్తున్నావు పెద్దాయనా' అని అడగలేదు.

మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి మా అన్న కొడుకు వీరేశు ఫోన్. "చిన్నాయనా, జొన్నకంకి అంచు పంపు. పెళ్ళోళ్ళు వచ్చి కూసున్నారు."

చూస్తే కొత్త ఫోల్డర్‌లో ఉన్నవి పందొమ్మిది. ఎప్పుడో కాపీ అవుతుండగా కరెంటు పోయింది, మిగతావి ఎక్కనే లేదు. అమ్మాయికి ఫోన్ చేసినాను.

"పాత స్నాప్‌షాట్‌లోంచి తెచ్చుకో నాన్నా."

"పాతవి లేవు."

"ఎనిమిది ఉండాల కదా?"

"ఎనిమిదీ ఉండాయి. ఈ పొద్దు తీసినవే."

"ఎనిమిదీ ఒకే పొద్దు ఎందుకు తీసినావు?"

"అమృత ఘడియలమ్మా."

ఫోన్ పెట్టేసింది. కన్నతండ్రితో ఇట్లాగేనా?

మరుసటి రోజు చెప్పుకోవడానికి ఎమ్మిగనూరు పోయినాను. వీరేశు తిట్టలేదు, అదే ఎక్కువ మండింది. "జొన్నకంకి నా చేతికి గుర్తుందిలే చిన్నాయనా. పెళ్ళోళ్ళకు సూపిద్దామని అడిగితి, అంతే. ఇంకో నలభై దాకా అట్లే వస్తాయి" అన్నాడు, మగ్గం మీంచి లేవకుండానే. మా చెల్లెలు సుశీల ట్రంకుపెట్టె తెరిచి, నాయన నేసిచ్చిన చీరలు పరిచింది. పన్నెండు అంచులు తేలినాయి. మిగతావి పోయినట్టే.

ఇప్పుడు వాటాలు ఇవి. వీరేశుకు చేతిలో నలభై. సుశీలకు పెట్టెలో పన్నెండు. సర్వర్‌లో మిగిలిన పందొమ్మిదీ నా దగ్గర ఉంటే భద్రం కాదని, అమ్మాయి డబ్బాతో సహా కర్నూలుకు పట్టుకుపోయింది. నాకు ఏమీ లేదు.

ఇదేం న్యాయమని అడిగితే సుశీల అనింది, "నీకు నాయన చదువు ఇచ్చినాడు కదన్నా."

ఇచ్చినాడు, నిజమే. అందులో వాటా కావాలని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.