చెరొక ఫిల్టరు

మొన్న శ్రీకాకుళంలో స్కూటరు సర్వీసింగుకి ఇస్తే, సాయంత్రం షోరూము మనిషి ఎయిర్ ఫిల్టరు మార్చేశామండి అని నవ్వుతూ తాళం చేతిలో పెట్టాడు. తీసేసిన పాతది ఏదయ్యా అన్నాను. చెత్తలో పడేశామండి అన్నాడు. అయితే ఆ చెత్తబుట్ట ఒకసారి ఇలా తెమ్మన్నాను. పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఫోన్లలోంచి తలలెత్తి నావైపు చూశారు గానీ నేను చలించలేదు. బుట్ట వచ్చింది, నా ఫిల్టరు దొరికింది, ఆమదాలవలస రైసుమిల్లుల ఊక దాని మడతల్లో ఇరుక్కుని ఉండటం చూశాక గానీ నాకు నమ్మకం కుదరలేదు. ఉద్యోగమంతా ట్రెజరీలో కూర్చుని జనం పెట్టిన బిల్లుల మీద అభ్యంతరాలు రాసి రిటైరైన వాణ్ణి, అనుమానం నాకు పుట్టుకతో కొంత వస్తే జీతంతో మిగతాది వచ్చింది. మన ఈడు వాళ్ళకి ఇది వింతగా ఉండదు, మనం కొబ్బరికాయని కూడా చెవి దగ్గర ఊపి చూసి కొన్నవాళ్ళం. ఆ మురికి ఫిల్టరు చేతిలో పట్టుకుని నిలబడితే మా బావ గుర్తొచ్చాడు.

మా బావకీ నాకూ చుట్టరికం రెండువైపులా ఉంది. మా అక్కని, మా వైపు అప్ప అంటాం, ఆయన చేసుకున్నాడు, ఆయన చెల్లెల్ని నేను చేసుకున్నాను. వీటిని కుండమార్పిడి పెళ్ళిళ్ళంటారు. వీటిలో కష్టమేమిటంటే, మా ఇంట్లో కూర మాడితే వాళ్ళింట్లో పంచాయతీ అవుతుంది, వాళ్ళింట్లో ఎవరైనా అలిగితే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని రెండిళ్ళవాళ్ళమూ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండటం అలవాటైపోయింది. ఆయన డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు డెమాన్‌స్ట్రేటరుగా పనిచేశాడు, పిల్లలు లెన్సులు జేబులో వేసుకుపోతారేమోనని ఆయనా జీవితమంతా కాపలా కాసినవాడే. ఇద్దరం ఒకే గుడ్డలో చించిన ముక్కలమని మా ఆవిడ అనేది.

మా ఇద్దరి మధ్యకి ఒక కారు వచ్చింది, బావ తండ్రి, అంటే మా మావయ్య వల్ల. ఆయన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కడ పనిచేసిన దొర డాక్టరు తన దేశం వెళ్ళిపోతూ, రెండే సీట్లున్న, గుడ్డ టాపున్న, నేలకి ఆనుకున్నట్టు పరిగెత్తే తన ముదురాకుపచ్చ స్పోర్ట్సు కారుని ఈయనకి ఇచ్చేశాడు. మావయ్య దాన్ని క్రిస్మసు ఆరాధనకి తప్ప బయటికి తీసేవాడు కాదు, తీసినా చర్చి ముందు ఆపి, లోపల పాట పాడుతున్నంతసేపూ కిటికీలోంచి దానివైపే చూసేవాడు. పోయేముందు మమ్మల్నిద్దర్నీ మంచం దగ్గరికి పిలిచి, కారు మీ ఇద్దరిదీ, అమ్మొద్దు, కలిసి నడపండి అన్నాడు. ఆ మాటని నేను గట్టిగా పట్టుకున్నాను. బావ పట్టుకున్నాడో లేదో అనే అనుమానం నాకు ఆ గదిలోనే మొదలైంది.

రాష్ట్రం రెండైన ఏడాది, ఇద్దరం ఉద్యోగాల నుంచి బయటపడి ఊపిరి పీల్చుకున్నాక, బావ ఇంటి వెనక షెడ్డు తెరిచాం. ఆమదాలవలస నుంచి వచ్చిన మెకానిక్కు చాలా రోజులు తంటాలుపడి ఇంజినుని పలికించాడు. పలికింది గానీ నడపొద్దన్నాడు. ఆ ఇంజినుకి పక్కపక్కనే రెండు కార్బొరేటర్లు, ఒక్కోదాని మూతికీ గుండ్రని డబ్బాలాంటి ఎయిర్ ఫిల్టరు ఒకటి ఉండాలి. ఆ రెండూ లేవు. వాటి చోట ఎవరో పాత దుప్పటి ముక్కలు కట్టి ఉంచారు. ఫిల్టర్లు లేకుండా మన రోడ్ల దుమ్ములో, అందులోనూ కళింగపట్నం ఇసకలో తిప్పితే లోపల సిలిండర్లు గీసుకుపోయి ఇంజిను మళ్ళీ మూలపడుతుందట. అసలువి ఏమయ్యాయని బావని అడిగాను. నాయన ఉన్నప్పుడే నేవురా, ఎప్పుడో పోయినాయి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన షెడ్డు కప్పువైపు ఎందుకు చూశాడో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

వెతుకులాట మొదలైంది. ఎక్కడికి వెళ్ళినా ఇద్దరమే వెళ్ళేవాళ్ళం, ప్రేమ వల్ల కాదు, ఒకడు ఒంటరిగా వెళ్తే ఫిల్టరుతో పాటు కారు కొనేవాణ్ణి కూడా వెంటపెట్టుకొస్తాడని రెండోవాడి భయం. శ్రీకాకుళంలో స్పేరుపార్టుల దుకాణాలన్నీ తిరిగాం, ట్రాక్టరు ఫిల్టర్లు చూపించారు. విజయనగరంలో పాతసామాన్ల కొట్టువాడు మా కార్బొరేటరు ఫొటో చూసి, ఈ బండి మీకెక్కడిది అని పోలీసులా అడిగాడు. బస్సులో తిరిగొస్తూ బావ కిటికీ పక్కన కూర్చుని ఎవరికో ఫోనులో మెల్లగా మాట్లాడితే, ఎవరని అడిగాను. మీ అప్పే, కావాలంటే మాటాడు అని ఫోను నా చెవికి నొక్కాడు. అవతల నిజంగా మా అప్పే ఉంది, వంకాయలు తెమ్మంటోంది. అయినా ఆ నంబరు ఒకసారి చూసి గానీ ఫోను ఇవ్వలేదు.

చివరికి ఆ ఫిల్టర్లు ఫోనులో దొరికాయి. బావ ఏవేవో నొక్కి ఇంగ్లండు నుంచి తెప్పించాడు. పెట్టె వాళ్ళింటికే వచ్చింది, నేను వెళ్ళేసరికి విప్పి ఉంది. నేను రాకుండా ఎందుకు విప్పావంటే, లోపల్నేటుందో సూడొద్దేటి అన్నాడు. అందుకని బిగింపు దగ్గర పంపకం పెట్టాను. ముందున్న కార్బొరేటరు నాది, వెనకది నీది, ఎవరి ఫిల్టరు వాళ్ళే బిగించుకోవాలి అన్నాను. మెకానిక్కుని కూడా ముట్టుకోనివ్వలేదు. కార్బొరేటరుకీ ఫిల్టరుకీ మధ్య ఒక అట్ట గాస్కెట్టు పెట్టాలి, ఇద్దరం పెట్టాం, రెండేసి బోల్టులు బిగించాం, బావ స్టార్టు చేశాడు. ఇంజిను లేచింది గానీ యాక్సిలరేటరు తొక్కితే దగ్గి ఆగిపోతోంది.

ఇక చూడండి. నీదే తప్పని నేను, నీదే తప్పని ఆయన. నాదేటి తప్పు, నువ్వే ఏదో సేసినావు, బండి నడవకూడదనే నీకుంది అన్నాడు బావ. నాకు ఒళ్ళు మండిపోయింది. బండి నడవకపోతే ఇనుము లెక్కన అమ్మేద్దామని నీకే ఉంది అన్నాను. మా అప్ప వంటింట్లోంచి వచ్చి, గరిటె చేత్తో పట్టుకునే, ఇద్దరూ ఇప్పీసి మల్లీ పెట్టండర్రా, నా సెవులు పోతన్నాయి అంది. విప్పాం. ఆ గాస్కెట్టులో ఒక పక్క గాలి పోవడానికి రెండు చిన్న చిల్లులున్నాయి, కార్బొరేటరు మూతి మీద కూడా అలాంటి చిల్లులే ఉన్నాయి, అవీ ఇవీ ఎదురెదురుగా రావాలి. నేను తలకిందులుగా పెట్టి వాటిని మూసేశాను. బావదీ తలకిందులే. తర్వాత తెలిసిందేమిటంటే, నాకంటే ముందు బిగించి లాభం పొందుతాడేమోనని నేను ఆయన చేతులు చూస్తూ బిగించాను, నేనేదైనా తిరకాసు చేస్తానేమోనని ఆయన నా చేతులు చూస్తూ బిగించాడు. ఒకరిని చూసి ఒకరం ఒకే తప్పు చేశాం. అట్టలు తిరగేశాక ఇంజిను ఒక్కసారి గర్జించింది, షెడ్డు మీది రేకులు అదిరాయి, బావ నా భుజం మీద కొట్టాడు. ఆ క్షణం నాకు ఆయన మీద ఏ అనుమానమూ లేదు.

అది ఎక్కువకాలం నిలవలేదు. ఒకరోజు చెప్పకుండా వెళితే, విశాఖపట్నం నుంచి వచ్చానంటూ నల్లకళ్ళద్దాల మనిషొకడు వాళ్ళ వరండాలో టీ తాగుతున్నాడు. పాత కార్లు సేకరించడం ఆయన సరదా అట. ఆయన ఊరికినే సూడ్డానికొచ్చినాడు అన్నాడు బావ. ఊరికే చూడటానికి అంత దూరం ఎవరొస్తారు? నేను నేరుగా షెడ్డులోకి వెళ్ళి, బానెట్టు ఎత్తి, నా ఫిల్టరు విప్పి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేసుకున్నాను. అది లేకుండా బావ బండి తీయడు. అమ్మాలనుకున్నా నడిపి చూపించాలిగా, ఇసక మింగించి ఇంజినుని పాడుచేసుకునే మనిషి కాదు. మర్నాడు కబురొచ్చింది, బావ కూడా తన ఫిల్టరు విప్పి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడట.

అప్పటి నుంచి అదే మా పద్ధతి. ఆదివారం ఆరాధన అవగానే నేను సంచితో ఆటో ఎక్కి బావ ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆయన బీరువా తెరిచేవాడు. ఎవరిది వాళ్ళం బిగించుకుని, టాపు తీసేసి, కళింగపట్నం వెళ్ళేవాళ్ళం. వెళ్ళేటప్పుడు ఒకడు నడిపితే వచ్చేటప్పుడు రెండోవాడు. వంశధార సముద్రంలో కలిసేచోట, ఎండుచేపల వాసనలో, బానెట్టుకి ఆనుకుని నిలబడి వేరుశనగలు తినేవాళ్ళం. కారు చుట్టూ మూగిన జాలర్లు ఇది ఎవరి బండి అని అడిగితే ఇద్దరం ఒకేసారి నాది అనేవాళ్ళం. తిరిగొచ్చాక మళ్ళీ ఎవరిది వాళ్ళం విప్పుకునేవాళ్ళం. మీరు సికారుకెల్తన్నారా, ఒకర్నొకరు కాపలా కాస్తన్నారా అని మా ఆవిడ అడిగేది. రెండూ అనేవాణ్ణి. అలా ఎన్ని ఆదివారాలు గడిచాయో, నాకు అంతకంటే మంచిరోజులు లేవు.

బావకి ఈమధ్య మతి తప్పుతోంది. ముందు తాళాలు మర్చిపోయాడు, తర్వాత వీధులు, ఇప్పుడు మనుషులు. బండి తీసి చాలాకాలమైంది. షోరూములో ఆ చెత్తబుట్ట చూసొచ్చాక ఉండలేక, ఆ ఆదివారం నా ఫిల్టరు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. ఆయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. నా సంచివైపు చాలాసేపు చూసి, లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టిన తన ఫిల్టరు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“మీరు దీనికోసమే వచ్చినట్టున్నారు బాబూ, తీస్కెల్లండి. మా బావమరిదొకడున్నాడు, ఆడికి మాత్రం సెప్పకండి. ఆడికి మాసెడ్డ అనుమానం.”

చెప్పనులెండి అన్నాను. మా అప్ప గుమ్మంలో నిలబడి ముఖం తిప్పేసుకుంది. జీవితమంతా నన్ను ఒరే అన్న నోటితో ఆయన నన్ను బాబూ అన్నాడు, మీరు అన్నాడు, ఎవరో తెలియని మనిషి చేతిలో బండి ప్రాణం పెట్టేసి నిశ్చింతగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు అందరూ ఇలాగే ఉన్నారనిపిస్తుంది, ఏ పెట్టె ఎవరు పంపారో, ఏ పాతది ఎవరు పారేశారో ఎవరూ అడగరు. రెండు ఫిల్టర్లూ నా ఒళ్ళో ఉన్నాయి, కారు ఇవాళ నేను తోలుకుపోయినా అడిగేవాడు లేడు. అడిగేవాడు లేని కారు నాకెందుకు? నేను పరాయివాణ్ణని నమ్మేశాడు గానీ, ఫలానావాణ్ణని తెలిస్తే బావ ఆ ఫిల్టరు చచ్చినా ఇచ్చేవాడు కాదు.