కొబ్బరితాడుతో గీసిన బాంబు

అమలాపురం బస్టాండు దగ్గర మిఠాయికొట్లో బూందీ దూస్తుంటే వచ్చే నేతివాసనకి ఎవరికైనా నోరూరుతుంది, నేను మాత్రం రోడ్డు దాటి అవతలివేపు నడుస్తాను. ఎందుకంటే మన దేశం ఎడారిలో అణుబాంబు పేల్చిన ఏడాది, వేసంసెలవలయ్యి బడి తెరిచిన రోజున, తొలకరికి తడిసిన ఇసుకా, కొత్త పుస్తకాల జిగురూ, పాక మీద నానిన కొబ్బరాకూ కలిసి వాసనేస్తుండగా, మా బడి నడిపే కరస్పాండెంటు గారు బాంబు పేలిన సంబరానికి పిల్లలందరికీ తలో లడ్డూ పంచేరు. నేను రెండుసార్లు వరసలో నిలబడి రెండు తిన్నాను. బాంబు ఎవరి మీదకని అడగలేదు. లడ్డూ పెడుతుంటే అడుగుతామా?

సోషలు చెప్పే సువార్తమ్మ టీచరుగారు మాత్రం తన లడ్డూ బల్ల మీదే ఉంచేసేరు. దానికి చీమలు పట్టేవేళకి మమ్మల్ని ఆవరణలోకి తీసుకెళ్ళి, తడిఇసుక మీద పుల్లతో గోదారి పాయలు గీసి, ఊరికో కొబ్బరిచిప్ప పెట్టించేరు: అమలాపురం, రాజోలు, కొత్తపేట, జొన్నాడ. ఎవరి ఊళ్ళో వాళ్ళని నిలబడమన్నారు. ఆటనుకుని ఒకటే తోపులాట. ఆవిడ అమలాపురం చిప్ప దగ్గర మేకు పాతి, దానికి కొబ్బరితాడు కట్టి, చుట్టూ తిరిగి పెద్ద గుండ్రం గీసేరు. బాంబు పడింది, లోపలున్నవాళ్ళు కూర్చోవాలన్నారు.

మాది అమలాపురం పక్కనే. నేను గుండ్రం బయటున్న జొన్నాడలో నిలబడ్డాను.

"ఏరా, నువ్విక్కడేంటి?"

"ముందే తెలిసి అమ్మమ్మగారింటికి వచ్చేసేనండి."

అందరూ నవ్వేరు, ఆవిడతో సహా. అప్పుడు కూర్చున్నవాళ్ళలోంచి మా పక్కింటి లక్ష్మి అడిగింది, "మేం ఎప్పుడు లేవాలండీ?"

"లేవరమ్మా," అన్నారు టీచరుగారు.

గంట కొట్టినా కాసేపు ఎవరూ లేవలేదు. ఈ బాంబుని కనిపెట్టినవాళ్ళలో కొందరు, అది ఊళ్ళ మీద పడ్డాక చాలా బాధపడ్డారని కూడా ఆవిడే చెప్పేరు. లెక్కలో ఒక్క అంకె తప్పని మహానుభావులు, బాధపడ్డానికి మాత్రం కాస్త ఆలస్యంగా వచ్చేరన్నమాట.

మర్నాడు కరస్పాండెంటు గారు ఊరిపెద్దల్ని వెంటేసుకొచ్చేరు. "మన బాంబుని మన ఊరి మీదే వేయించేరంటగదండీ. గీసేదేదో శత్రువుల ఊరు గీయకపోయేరా?"

"అక్కడ కూర్చునేదీ పిల్లలే కదండీ."

ఆయన ఆవిడతో మాట్లాడ్డం మానేసి, ఊళ్ళో అందర్నీ అనుకరించే నన్ను పిలిచేరు. "టీచరుగారు ఏం చెప్పేరో చేసి చూపించరా." అంతమంది పెద్దలు నా నోటికేసి చూస్తున్నారు. పైట సర్దుకున్నట్టు చేసి, ఆవిడ గొంతుతో, ఆవిడ అనని మాట అనేసేను: "మన బాంబు తిండికి లేనోడు కొన్న టపాకాయర్రా, మన చేతిలోనే పేలుద్ది."

ముందు గొల్లుమన్నారు. తరవాత ఒకాయన, "దేశాన్ని అంత మాటందా?" అన్నాడు. ఆవిడ నాకేసి చూసేరు. నేననలేదండీ అని ఆవిడ ఒక్క ముక్క అంటే అక్కడే నా వీపు చిట్లేది. అనలేదు.

"రేపట్నించి మీరు రానక్కర్లేదండీ," అన్నారు కరస్పాండెంటు గారు. గెంటేసేటప్పుడు కూడా అండీ అనడం మా కోనసీమ మర్యాద.

ఆవిడ రాజోలు వెళ్ళి ట్యూషన్లు చెప్పుకుని బతికేరనీ, పోయేరనీ తరవాత విన్నాను. నేను తొమ్మిదితోనే చదువు మానేసి కొబ్బరికాయల బేరంలో పడ్డాను. ఇప్పుడా ఆవరణంతా సిమెంటు, పుల్లతో గీస్తే గీత పడదు. బాంబంటే ఆ భయమూ పోయింది. యుద్ధమన్న మాట వినపడితే చాలు, టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటూ, నల్లిని నలిపేసినంత తేలిగ్గా, "ఒక్కటేసి పారేస్తే పోలా" అంటారు. మొన్న ఉండబట్టలేక వాళ్ళకి మొత్తం చెప్పేను. ఆ టపాకాయ మాట ఆవిడది కాదు, నాదని కూడా చెప్పేను. ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరా ఒప్పుకోనిది.

కడుపులు పట్టుకుని నవ్వేరు. నేనేం చెప్పినా నవ్వడం వాళ్ళకి అలవాటు చేసింది నేనే. ఒక కుర్రాడు కళ్ళు తుడుచుకుంటూ ఫోను నాకేసి తిప్పి, "బాబాయిగారూ, ఆ టీచరు గొంతు ఇంకోసారండీ," అన్నాడు.

ఆయ్ అన్నాను. చేసేను.