ఉలవకట్టె మీద జారిన విమానం

“నువ్వు ఆడికి పోయి నోరు తెరిస్తే కేసు మన మీదికే వస్తాది మా. కట్టె అంతా ఎత్తేసినా కదా, ఇంకెవురికి తెలుస్తాది?”

“విమానం తోలిన ఆ పిల్లకు బ్రేకు తొక్కేది రాదని రాసేస్తే దాని చదువు పోతాది. పరిపిచ్చింది నేను. పోయి చెప్తా.”

“ఈ వయసులో ఆఫీసుల చుట్టూ తిరుగుతావా?”

“తిరుగుతా. బస్సు ఉత్తదే కదా.”

మా కొడుకు శీనడు గొణుగుతుండగానే బయలుదేరి, ఉరవకొండలో ఏడూ పదికి అనంతపురం బస్సెక్కాను. ఆడవాళ్లు ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవాలి. చూడకుండా కండక్టరు సున్నా టికెట్టు కొట్టడు. నాలుగు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూట కట్టుకున్నాను.

మా చేను పక్కన చిన్న విమానాలు దిగే తారుదారి ఉంది. విమానం నడపడం నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడు వస్తారు. ఎప్పుడు దిగినా సగంలోనే ఆగి వెనక్కి తిరిగేవారు. అవతలి కొస ఊరికే పడి ఉండేది. రోడ్డు మీద పరిస్తే లారీలు గింజల్ని దుమ్ములో కలిపేస్తాయని, ఆ కొసలో ఉలవకట్టె, అంటే కోసిన ఉలవ మొక్కలు, పరిపించి గింజ రాలడానికి మా ట్రాక్టరుతో తొక్కిస్తున్నాను. మొన్న సాయంత్రం వచ్చిన విమానం సగంలో ఆగలేదు. కట్టె మీదికొచ్చి జారి, పక్క గుంతలో ముక్కు గుచ్చుకుంది. పిల్లను ఆస్పత్రికి తీసుకుపోగానే శీనడు కట్టె ఊడ్చేశాడు.

బస్సులో పక్కన గొర్రెలాయన కూర్చున్నాడు.

“యాడికవ్వా?”

“విమానం పడేసినా. ఆ మాట చెప్పేదానికి పోతాండా.”

“తుపాకీతో కాల్చినావా ఏమి?”

“ఉలవకట్టెతో.”

ఆయన కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు.

ఎనిమిదిన్నరకు దిగాను. ఆటోవాడు ఇరవై అడిగాడు. ఆస్పత్రి పావుగంట నడకే, నడిచే పోయాను. పిల్ల చేతికి పిండికట్టు ఉంది. పక్కన విమానం ఎట్లా పడిందో విచారించే అధికారి రాసుకుంటున్నాడు.

“బ్రేకు ఆలస్యంగా వేసినావు, అంతే కదమ్మా?”

“వేసినాను సార్. ఆగలేదు.”

నేను జరిగిందంతా చెప్పాను.

“ఆడ కట్టె ఏమీ కనపళ్లేదే?” అన్నాడు అధికారి.

“మావాడు ఎత్తేసినాడు. తారు పగుళ్లలో గింజలు ఉండాయి, వచ్చి చూడు నాయనా.”

నా మాట చాటున దాక్కోవచ్చు గానీ, పిల్ల తల ఎత్తింది. “అవ్వా, గాలి వెనకనుంచి తోసింది. చూసుకోకుండా దిగినా. అందుకే సగంలో ఆగలేదు.”

“ఆ పొద్దు గాలి తిరుక్కున్యాదని చాట పట్టుకుని ఉలవలు తూర్పారబట్టే నాకే తెలిసె, నీకు తెల్లేదా? సార్, గాలి సంగతి దానిది, కట్టె సంగతి నాది. రెండూ రాసుకో.”

బస్టాండులో రొట్టెలు తిని, పన్నెండున్నర బస్సెక్కాను. ఉరవకొండ దాకా నిలబడే వచ్చాను. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు పొద్దున బస్సే ఎక్కాలి. సీటు దొరుకుతుంది, మనసు మార్చుకునే తీరికా ఉండదు.

మరుసటి పొద్దున ఎనిమిదికి అధికారి వచ్చాడు. తారు మీద కూర్చుని, పగుళ్లలోంచి ఉలవలు పెన్సిలుతో పెకిలించి పొట్లం కట్టుకున్నాడు. మూడో తరగతిలో నేర్చిన అక్షరాలతో ఆయన రాసుకున్న కాగితం మీద నా పేరు రాశాను. శీనడు సున్నం డబ్బా తెచ్చి, కట్టె ఎక్కడినుంచి ఎక్కడిదాకా పరిచామో గీసి చూపించాడు.