పొల్లు పోయిన కోడె

"కోడెక్" అన్న మాటను తెలుగులో ఎలా రాయాలన్న దాని మీద నేను ఇరవై రెండు రోజులు యుద్ధం చేశాను. దేశాల సరిహద్దులు అంతకన్నా తొందరగా తేలాయి. సాఫ్ట్‌వేర్‌లోని ఇంగ్లీషు మాటల్ని అనువదించి కంప్యూటరు చేత తెలుగు మాట్లాడించడం మా పని. జీతం లేదు, సెలవు లేదు, తిట్లు మాత్రం పుష్కలం. మొత్తం అయిదుగురం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, చూసుకుని ఉంటే కొట్టుకునేవాళ్ళం.

వీడియోను నొక్కి చిన్నది చేసి దాచే ఉపాయాన్నీ, మళ్ళీ విప్పి చూపించే ఉపాయాన్నీ కలిపి కోడెక్ అంటారు. మాలో ఒకాయన దానికి "సంపీడన విసంపీడక యంత్రాంగం" అని పేరు పెట్టాడు. అది తెర మీద పట్టాలంటే పక్కింటి గోడ కూడా అద్దెకు తీసుకోవాలి. నేను ఒంటరిగా నిలబడి రాశాను: "సామాన్యుడికి అర్థమయ్యే మాట కావాలి. కోడెక్‌ను కోడెక్ అనే ఉంచండి. జనం నోట్లో పడితే అదే తెలుగవుతుంది." చివరికి గెలిచాను. ఆ విధంగా భూగోళం మీదున్న తెలుగు కంప్యూటర్లన్నిటిలోకీ, అంటే సుమారు పదకొండింటిలోకి, నా వాక్యం ఎక్కింది: "కోడెక్ దొరకలేదు."

జనం నోట్లో పడనే పడింది. ఎలా పడిందో చెబుతాను.

నేను బ్యాంకు ఉద్యోగిని. బదిలీ మీద సూరత్ వచ్చాను. నవాగామ్‌లో మన తెలంగాణ నేత కుటుంబాల సంఘానికి ఒక గది ఉంది. అందులో ఒక బీరువా, నాలుగు దినపత్రికలు, గాలి తప్ప అన్నీ ఇచ్చే ఒక ఫ్యాను. గోడకు ఆవల పవర్‌లూమ్ ఖానా. మగ్గాలు నడుస్తుంటే మనం అన్న మాట ఎదుటివాడి చెవికి చేరేలోపు నాలుగు ముక్కలవుతుంది. అందుకని అక్కడ అందరూ అరుస్తారు. "అన్నం తిన్నవా" అనడం వింటే పోలీసుల్ని పిలవబుద్ధవుతుంది.

వరాఛాలో ఒక వజ్రాల ఆఫీసువాళ్ళు పారేయబోతున్న కంప్యూటరును బతిమాలి తెచ్చి ఆ గదిలో పెట్టాను. సంఘం అధ్యక్షుడు ముందుగా దాన్ని విప్పి, తెల్లగుడ్డ మీద బోర్లించి దులిపాడు. వజ్రాలేవీ రాలలేదు. అప్పటినుంచి ఆయనకు దాని మీద సగం నమ్మకం పోయింది. మిగిలిన సగం నేను పోగొట్టాను. అందులో అచ్చమైన ఫ్రీ సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకేదీ వేయనన్నాను.

ఆయన సభ పెట్టి, "సారు మనకు అంతా మఫత్‌ల తెచ్చిండు" అని ప్రకటించాడు. చప్పట్లు.

"మఫత్ కాదండీ. ఇక్కడ ఫ్రీ అంటే స్వేచ్ఛ" అన్నాను.

"రెండూ ఒక్కటే సారూ. మఫత్‌ల వస్తే మనిషి స్వేచ్ఛగనే ఉంటడు." మళ్ళీ చప్పట్లు. నా మాటకు మాత్రం ఒక్క చప్పటా పడలేదు.

నేను వదలకుండా గోడ మీద బోర్డు రాయించాను: "ఈ కంప్యూటరులో ఎవరో తాళం వేసిన వస్తువేదీ ఉండదు." పెయింటరు ఉత్సాహం ఆగక కింద ఇంత పెద్ద తాళంకప్ప బొమ్మ వేశాడు. కొత్తగా వచ్చినవాళ్ళు గదికి తాళం వేసి ఉందనుకుని వెనక్కి వెళ్ళిపోయేవారు.

నా బాధేమిటంటే, ఇప్పటి ఫోన్లు తీసే వీడియోల్లో చాలావాటిని మడత పెట్టే పద్ధతి మీద కొన్ని కంపెనీలకు హక్కులున్నాయి. చీర నీదే, కట్టుకో, మడత విప్పే హక్కు మాత్రం మాది అన్నట్టుంటుంది వ్యవహారం. చీరల ఊళ్ళో కాపురముంటూ ఈ అన్యాయాన్ని ఎలా సహిస్తాను? నేను వేసిన వ్యవస్థలో ఆ మడత విప్పే సరుకు పెట్టరు. కావలసినవాళ్ళు ఒక్క వాక్యం టైపు చేసి బయటినుంచి తెచ్చుకోవచ్చు. నేను తేను. పదేళ్ళనుంచి తేలేదు. ఆ వాక్యం మాత్రం నాకు కంఠతా వచ్చు.

ఇక అక్క సంగతి. వీధి వీధంతా ఆమెను అక్క అనే పిలుస్తుంది, నేనూ అంతే. అరవై దాటాయి. నలభై ఏళ్ళు కండెలు చుట్టిన చేతులు. ఆమె దగ్గితే సంఘంలో తీర్మానం ఆమోదం పొందినట్టే. రెండు కళ్ళకూ శుక్లాలొచ్చినప్పుడు, చూపు తిరిగొస్తే వేములవాడ రాజన్నకు కోడె కడతానని మొక్కుకుంది. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేయడం ఆ మొక్కు. ఆపరేషన్ అయింది. చూపు ఎంత బాగా వచ్చిందంటే, ఎదురింటివాళ్ళ బియ్యంలో రాళ్ళు తన గుమ్మంలోంచే ఏరేది. కళ్ళొచ్చాయి గాని మోకాళ్ళు రాలేదు. రైలెక్కలేక, ఊళ్ళో ఉన్న తమ్ముడికి పని అప్పగించింది. ఆయన ఆమె పేరున కోడె కట్టి, ఆసాంతం ఫోన్లో వీడియో తీయించి, పెన్‌డ్రైవ్‌లో వేసి సూరత్ వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపాడు. తిరిగొచ్చిన కళ్ళతో కోడెను చూస్తేనే మొక్కు తీరినట్టని అక్క పట్టు.

"ఎవరి ఫోన్లోనైనా చూడొచ్చుగా అక్కా?" అని అడిగాను.

"ఫోన్‌ల సూస్తే కోడె చీమంత కనవడ్తది. నేను చీమకు మొక్కిన్నా సారూ?"

ఆదివారం మధ్యాహ్నం. గదిలో ముప్ఫై మంది పట్టే చోట నవాగామ్ మొత్తం పట్టింది. కంప్యూటరుకు బొట్టు పెట్టారు. కొబ్బరికాయ సిద్ధం. ప్లేట్లలో వేడి వేడి లోచో తిరుగుతోంది. సెనగపిండితో చేసే ఆ పదార్థానికీ, చిక్కుకీ ఈ ఊళ్ళో పేర్లు ఇంచుమించు ఒకటే. నాకది అప్పుడే తట్టి ఉండాల్సింది. పెన్‌డ్రైవ్ పెట్టాను. తెర నల్లబడింది. నడిమధ్య, పెద్దవాళ్ళకు ఇబ్బంది లేకుండా నేనే పెంచి పెట్టిన గుమ్మడికాయంత అక్షరాల్లో నా వాక్యం వెలిగింది.

అక్క లేచింది. కొత్త కళ్ళు, పాత నాలుగో తరగతి. వేలు పెట్టి చదివింది.

"కో... డె... దొరకలేదు."

పొల్లు పోకుండా చదివారని మెచ్చుకుంటాం కదా. ఆవిడ అన్నీ ఉంచి పొల్లొక్కటే పోగొట్టింది.

మాట రెండో వరసకు "కోడె దొరకలేదంట" అని చేరింది. నాలుగో వరసలో "కోడె తప్పిపోయిందంట" అయింది. గుమ్మం దాటేసరికి "ఎవడో కోడెను ఎత్తుకపోయిండంట" అయింది. నేను నోరు తెరిచేలోపే అక్క ఫోను స్పీకర్లో పెట్టింది.

"ఏందిరా తమ్మీ, కోడె కట్టినవా?"

"కట్టిన అక్కా. సూసినవా?"

"సూసిన. దొరకలేదని రాసుంది."

"ఏం దొరకలే?"

"కోడె!"

"గదేందే! ఏనుగంత కోడె. నా కాలు తొక్కింది, ఇంక వాపు దిగలే!"

"సారు వెట్టిన కంప్యూటరు అబద్ధమాడ్తదారా?"

"అంటే నేనాడ్తనా?"

"రాజన్న పేరు జెప్పి నన్ను మోసం జేసినవ్. ఈసారి నీకు రాఖీ పంప. పో."

ఫోను పెట్టేసింది. రాఖీ పున్నమికి పది రోజులుంది. పెళ్ళయి సూరత్ వచ్చిన నాటినుంచి ఒక్క ఏడూ తప్పకుండా ఆమె తమ్ముడికి రాఖీ పోస్టు చేస్తోందని, పక్కనున్నావిడ నా చెవిలో అరిచి చెప్పింది.

"అక్కా, అది కోడె కాదు, కోడెక్. చివర క్ అన్న పొల్లుంది చూడండి" అన్నాను.

"పొల్లుంటే కోడె గాకపోతదా?"

చీర, మడత, హక్కులు అన్నీ వివరించాను. ఓపిగ్గా విన్నది.

"గట్లయితే మడత విప్పు."

"విప్పకూడదు అక్కా."

"ఎందుకు?"

"అది నా సిద్ధాంతం."

"ఏ సిద్ధాంతి జెప్పిండు సారూ? ముహూర్తం బాగలేదన్నడా?"

అధ్యక్షుడు కల్పించుకున్నాడు. "జర మా ఖానా పక్కన దుకాణపోన్ని పిలుస్త. అయిదు నిమిషాల్ల గీ మఫత్‌ది తీసేసి మంచిది ఏస్తడు." ఆయన చెప్పే మంచిది దొంగ కాపీ. ఒకరి తాళం దొంగతాళంచెవితో తీయడం నా దృష్టిలో ఇంకా పెద్ద తప్పు. వారం గడువు అడిగాను. గది నిండా జనం లోచో తింటూ నావైపు చూసిన చూపులు ఇప్పటికీ అరగలేదు.

ఆ సాయంత్రం మా ఆవిడ నన్ను డుమస్ బీచికి తీసుకెళ్ళింది. టమాటా భజియా తినిపించి మరీ తిట్టడం ఆమె పద్ధతి.

"ఒక అక్కాతమ్ముళ్ళని విడదీసి ఏం స్వేచ్ఛ సంపాదించారండీ?"

"ఇవాళ ఒక్కచోట వంగితే..."

"నిన్న మీ ఫోన్లో క్రికెట్ చూశారుగా. ఆ మడత ఎవరు విప్పారు?"

"అది బ్యాంకువాళ్ళ పనికోసం ఉంచుకున్న ఫోను."

"బ్యాంకువాళ్ళు క్రికెట్ చూడమన్నారా?"

భజియా నాలిక కాల్చినట్టు నటించి మాట తప్పించాను. అక్కడే నాకో దివ్యమైన ఉపాయం తట్టింది. నా జీవితంలో దివ్యమైన ఉపాయాలన్నీ వేయించిన పదార్థాల దగ్గరే తట్టాయి, అన్నీ చెడ్డవే. తమ్ముడి చేతే వీడియోను తాళం లేని రకంలోకి మార్పించి పంపిస్తే? నా చేతికి మట్టి అంటదు, కోడె కనిపిస్తుంది. అక్కనడిగి నంబరు తీసుకుని ఆయనకు ఫోన్ చేశాను.

"ఆ వీడియో ఫార్మాట్ మార్చి పంపండి. మీ దగ్గర ఫోన్ షాపుంటే వాళ్ళకి చెప్పండి, ఫార్మాట్ అంటే చాలు."

"మళ్ళ కోడెను తిప్పే పని లేదు గద సారూ?"

"లేదు లేదు. ఫార్మాట్ ఒక్కటే."

మంగళవారం ఆయనే ఫోన్ చేశాడు. "సారూ, మీరు జెప్పినట్టే జేయించిన."

"ఏమన్నారు షాపువాళ్ళు?"

"ఫార్మాట్ జెయ్యిమన్న. జేసిన్రు. ఫోన్ కొత్త దాని లెక్క అయింది. లోపల ఏం లేదిగ."

"వీడియో?"

"ఏం లేదన్న గద సారూ. మనుమరాలి ఫోటోలు గూడ పోయినయ్. పోనీ తియ్యి, అక్క మాట్లాడితె సాలు."

కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. ఆయన గొంతులో కోపం లేదు, అది ఇంకా ఘోరం. తిట్టి ఉంటే నేనూ నాలుగనేవాణ్ణి. ఇప్పుడు ఆ కోడె భూప్రపంచంలో ఒక్కచోటే మిగిలింది, నవాగామ్‌లో బొట్టు పెట్టిన కంప్యూటరుకు గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌లో. దాన్ని ఎవరైనా లాగితే, కడిగితే, పర్సులో వేసుకుని పారేసుకుంటే? ఆయన అబద్ధమాడలేదనడానికి అదొక్కటే సాక్షి. ఆ సాక్షి నోరు నొక్కింది ఏ కంపెనీ అయినా, దాని మీద కూర్చున్నది నేను.

బుధవారం సగం పూట సెలవు పెట్టాను. కారణం దగ్గర "స్వంత ప్రతిష్ఠ" అని రాద్దామనుకుని "కడుపునొప్పి" అని రాశాను. గదికి వెళ్ళి ముందు పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఇంకోచోట భద్రం చేశాను. ఆ తర్వాత నా బోర్డుకు వీపు తిప్పి, పదేళ్ళుగా కంఠతా వచ్చిన వాక్యాన్ని టైపు చేశాను. ఎక్కడైనా తప్పు పడి ఆగిపోతుందేమోనని ఆశ. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. ఇష్టం లేని పనికి నా వేళ్ళు అంత చక్కగా ఎప్పుడూ తిరగలేదు. దిగిన సరుకు ఎంతనుకున్నారు? పదేళ్ళ పట్టుదల బరువుకు కనీసం పర్వతమంత ఉంటుందనుకున్నాను. మా ఆవిడ పంపే ఒక శుభోదయం బొమ్మంత లేదు. అక్కకు కబురు పంపాను.

అక్క వచ్చింది. వెనకాల వీధి వచ్చింది.

తెర మీద ముందు నేల కనిపించింది, తర్వాత ఎవరివో కాళ్ళు, తర్వాత ఆకాశం. తీసినవాడి ప్రతిభ. ఆ తర్వాత కోడె. ఏనుగంత లేదు గాని, నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబడి ఉంది. తాడు పట్టుకుని ఒక సన్నటి మనిషి లాగుతున్నాడు. అది కదలదు. జనం నవ్వుతున్నారు. ఆయన దాని చెవి దగ్గర వంగి చెప్పిన మాట స్పష్టంగా వినిపించింది. "మా అక్క సూరత్‌కెల్లి సూస్తది బిడ్డా. జర నడువు." అది నడిచింది. రెండడుగులేసి ఆయన కాలు తొక్కింది.

గది మొత్తం గొల్లుమంది. అక్క నవ్వలేదు. తెరకు జానెడు దూరం దాకా వెళ్ళి నిలబడింది. కోడె చుట్టు తిరుగుతోంది. ఆమె చూపు కోడె మీద లేదు.

"బక్కగైండు" అంది. "గింత బక్కగైండని ఒక్కలన్న జెప్పలే."

ఫోను తెమ్మంది. ఈసారి స్పీకర్లో పెట్టలేదు. గోడవైపు తిరిగి, పక్కన మగ్గాలు నడుస్తున్నా, జీవితంలో మొదటిసారి నెమ్మదిగా మాట్లాడింది. సాయంత్రం రాఖీ పోస్టు డబ్బాలో పడింది.

కథ ఇక్కడ ఆగి ఉంటే నేను కాస్త గౌరవంగా ఓడిపోయేవాణ్ణి. మరుసటి వారం నుంచి నవాగామ్‌లో ఎవరి కంప్యూటరులో వీడియో ఆడకపోయినా నాకే కబురు. "సారూ, మా దానికి గూడ కోడె కట్టవా?" కోడె కట్టుడు అనేది ఇప్పుడక్కడ స్థిరపడిన సాంకేతిక పదం. అధ్యక్షుడు బోర్డు తీయించలేదు. తాళంకప్ప కింద "కోడె ఇక్కడ కట్టబడును" అని రాయించాడు. తాళాలకు వ్యతిరేకంగా పదేళ్ళు ప్రచారం చేసిన మనిషిని, ఇంటింటికీ తిరిగి దొడ్లో పశువుల్ని కట్టేస్తున్నాను. కడుతున్న ప్రతిసారీ చీర, మడత, హక్కులు అని మొదలుపెడతాను. "మంచిది సారూ, ముందు కట్టు" అంటారు.

కనీసం ఆ వాక్యమైనా మారుద్దామని మా అనువాదకుల గుంపుకు ఉత్తరం రాశాను. ఆ మాట వల్ల పొరపాట్లు జరుగుతున్నాయి, వేరేది ఆలోచిద్దాం అని. గంటలో జవాబొచ్చింది. అది నా వాక్యమే, కొటేషన్ గుర్తుల మధ్య: "జనం నోట్లో పడితే అదే తెలుగవుతుంది." కింద సంపీడన విసంపీడకం పెద్దమనిషి సంతకం.

దిగాలుగా గదిలో కూర్చుని ఉంటే అక్క వచ్చింది. తమ్ముడు పంపిన ప్రసాదం చేతిలో పెట్టింది. సంగతి చెప్పాను. తెర మీద ఆ మాటను మళ్ళీ చూపించమంది. కొత్త కళ్ళు చికిలించి, వేలు పెట్టి, ఈసారి చివరిదాకా చదివింది.

"సారూ, మాట మంచిగనే ఉంది. గా చివర అడ్డం పడ్డది ఉంది సూడు, పొల్లు. గదొక్కటి తీసెయ్యరాదు?"